రక్త పరీక్షలలో హీమోలైసిస్

రక్తంలోని ఎర్ర కణాల పొర చిట్లి, లోపలి పదార్థాలు చుట్టూ ఉన్న ద్రవంలోకి విడుదల కావడాన్ని హీమోలైసిస్ అంటారు. తెలుగులో దీనిని ఎర్రకణ విచ్ఛేదనం అనవచ్చును. ఇది రోగి శరీరంలోనే జరగవచ్చు, లేదా రక్తం తీసిన తరువాత సిరంజిలోనో, పరీక్ష నాళికలోనో జరగవచ్చు. మొదటిది వ్యాధి లక్షణం. రెండవది రక్తం తీయడంలో, నిల్వ చేయడంలో, రవాణాలో జరిగిన లోపం. రెండింటిలోనూ సీరం ఎర్రబడుతుంది కనుక, ఏది ఏదో గుర్తించడం ప్రయోగశాల బాధ్యతలలో ముఖ్యమైనది.

ప్రయోగశాలలు నమూనాలను తిరస్కరించడానికి గల కారణాలలో హీమోలైసిస్ మొదటి స్థానంలో ఉన్నది. ఇటలీకి చెందిన గియుసెప్పె లిప్పి, ఆయన సహచరులు 2008లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, సాధారణ నమూనాలలో 3.3 శాతం వరకు ఇటువంటివి ఉండవచ్చును. పరీక్షకు పనికిరాని నమూనాలలో 40 నుండి 70 శాతం వరకు ఈ కారణంగా చెడినవే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి మూత్రపిండ వ్యాధి పీడిత ప్రాంతాలలోను, ఉత్తరాంధ్ర ఏజెన్సీ వంటి సికిల్ సెల్, మలేరియా ఉన్న ప్రాంతాలలోను ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం కలదు.

పదము, అర్థం

గ్రీకు భాషలో 'హైమా' అనగా రక్తం, 'లైసిస్' అనగా విడిపోవడం లేక కరిగిపోవడం. ఈ రెండు మాటల కలయికే హీమోలైసిస్. ఇటువంటి నమూనాను ప్రయోగశాల సిబ్బంది 'హీమోలైజ్డ్ శాంపిల్' అంటారు. పరీక్ష నివేదికలలో కూడా ఈ మాటే కనిపిస్తుంది.

ఎర్ర కణం లోపల ఏమున్నది

ఎర్ర రక్తకణం సుమారు 7 నుండి 8 మైక్రోమీటర్ల వ్యాసం గల, రెండు వైపులా నొక్కినట్లుండే గుండ్రని బిళ్ళ. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు 50 లక్షలు ఉంటాయి. వీటి ఆయుష్షు సుమారు 120 రోజులు. కణంలో కేంద్రకం ఉండదు. లోపల నిండుగా ఉండేది హీమోగ్లోబిన్ అనే ఎర్రని ప్రోటీను.

కణం లోపలి ద్రవానికి, బయటి ప్లాస్మాకు చాలా తేడా ఉన్నది. ప్లాస్మాతో పోలిస్తే ఎర్ర కణం లోపల పొటాషియం సుమారు 23 రెట్లు, ఏఎస్‌టీ అనే ఎంజైము సుమారు 40 రెట్లు, ఎల్‌డీహెచ్ అనే ఎంజైము సుమారు 160 రెట్లు అధికంగా ఉంటాయి. కణపొరలోని సోడియం-పొటాషియం పంపు శక్తిని ఖర్చు చేస్తూ ఈ తేడాను నిరంతరం నిలబెడుతుంది. గోడ కూలిన గాదెలోని ధాన్యం బయటకు పారినట్లు, పొర చిట్లగానే ఇవన్నీ సీరంలో కలుస్తాయి. అప్పుడు యంత్రం కొలిచేది రోగి రక్తద్రవంలో నిజంగా ఉన్న పరిమాణాన్ని కాదు, దానికి చిట్లిన కణాల నుండి వచ్చినది కలిపిన మొత్తాన్ని.

ఒక చిన్న లెక్క

కొద్దిపాటి విచ్ఛేదనం కూడా ఫలితాన్ని ఎంత మార్చగలదో ఈ లెక్క వలన తెలుస్తుంది.

ఒక లీటరు రక్తంలో కణాల భాగం 450 మిల్లీలీటర్లు, ప్లాస్మా భాగం 550 మిల్లీలీటర్లు అనుకుందాం. కణాలలో పొటాషియం లీటరుకు సుమారు 105 మిల్లీమోల్‌లు. కనుక కణాలన్నింటిలో కలిపి సుమారు 47 మిల్లీమోల్‌లు ఉన్నది. నూటికి ఒక్క కణం చిట్లితే 0.47 మిల్లీమోల్‌ల పొటాషియం బయటకు వస్తుంది. అది 550 మిల్లీలీటర్ల ప్లాస్మాలో కలిసినప్పుడు పొటాషియం లీటరుకు సుమారు 0.85 మిల్లీమోల్ పెరుగుతుంది. సీరం పొటాషియం సాధారణంగా 3.5 నుండి 5.0 వరకు ఉండవలెను. అనగా 4.5 ఉన్న ఆరోగ్యవంతుని ఫలితం 5.3 దాటి, హద్దు మీరినట్లు కనిపిస్తుంది. చిట్లినది నూటికి ఒక కణం మాత్రమే.

నాళికలో విచ్ఛేదనానికి కారణాలు

నమూనా చెడిపోవడానికి కారణాలు ఎక్కువగా రక్తం తీసే చోటనే ఉంటాయి.

* సూది మరీ సన్నగా ఉండడం. ఇరుకు దారిలో వేగంగా పీల్చబడిన కణాలు ఒరిపిడికి చిట్లుతాయి.
* సిరంజి పిస్టన్‌ను బలంగా లాగడం, తరువాత సూది తీయకుండానే రక్తాన్ని నాళికలోకి బలంగా చిమ్మడం.
* సెలైన్ ఎక్కించడానికి పెట్టిన ప్లాస్టిక్ గొట్టం నుండి రక్తం తీయడం. అత్యవసర విభాగాల నుండి వచ్చే నమూనాలలో హీమోలైసిస్ అధికంగా ఉండడానికి ఇది ఒక ప్రధాన కారణం.
* చేతికి కట్టిన రబ్బరు పట్టీని ఒక నిమిషం కంటె ఎక్కువసేపు ఉంచడం.
* స్పిరిట్ ఆరకముందే సూది గుచ్చడం.
* నాళికను నెమ్మదిగా తలక్రిందులు చేయడానికి బదులు గట్టిగా కుదపడం.
* నమూనా గడ్డకట్టేంత చలికి గాని, తీవ్రమైన ఎండకు గాని గురి కావడం.
* సీరాన్ని వేరు చేయకుండా ఎక్కువసేపు నిల్వ ఉంచడం, లేదా ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పిన నాళికను మరల తిప్పడం.

నీటి తడి కూడా కణాలకు హానికరం. 0.9 శాతం ఉప్పు ద్రావణంలో ఎర్ర కణం తన ఆకారాన్ని నిలుపుకుంటుంది. మంచినీటిలో వేస్తే నీరు ఆస్మాసిస్ వలన లోపలికి చేరి, కణం ఉబ్బి పగులుతుంది. గాజు సిరంజీలను నీటిలో మరిగించి వాడిన రోజులలో, లోపల మిగిలిన తడి వలన ఎన్నో నమూనాలు చెడిపోయేవి. ఒకసారి వాడి పారవేసే సిరంజీలు, గాలి తీసిన నాళికలు వచ్చిన తరువాత ఈ బెడద చాలావరకు తగ్గింది.

ఏ పరీక్ష ఎటు మారుతుంది

హీమోలైసిస్ ప్రభావం మూడు విధాలుగా ఉంటుంది. కణం లోపలి పదార్థాలు కలవడం వలన కొన్ని విలువలు పెరుగుతాయి. హీమోగ్లోబిన్ ఎరుపు రంగు కాంతి ఆధారిత కొలతలకు అడ్డు వస్తుంది. కణం నుండి వెలువడిన ఎంజైములు కొన్ని పదార్థాలను విరగగొడతాయి.

* పెరిగేవి: పొటాషియం, ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ, ఫాస్ఫేట్, మెగ్నీషియం, ఇనుము. ఏఎల్‌టీ పెరుగుదల వీటి కంటె తక్కువ.
* తగ్గేవి: ఇన్సులిన్. ఎర్ర కణాలలోని ఒక ఎంజైము దీనిని విచ్ఛిన్నం చేస్తుంది. కొన్ని పద్ధతులలో బిలిరుబిన్, ట్రోపోనిన్-టి కూడా తక్కువగా కనిపించవచ్చును.
* పద్ధతిని బట్టి మారేవి: క్రియాటినిన్ వంటివి. వీటిపై ప్రభావం ప్రయోగశాల వాడే రసాయన పద్ధతిని అనుసరించి ఉంటుంది.
* రక్తకణాల గణనలో: ఎర్ర కణాల సంఖ్య, హిమాటోక్రిట్ తగ్గుతాయి. మొత్తం హీమోగ్లోబిన్ మారదు. అందువలన ఎంసీహెచ్‌సీ అనే విలువ అసహజంగా పెరుగుతుంది. ఇది ఒక మంచి ఆనవాలు.
* రక్తం గడ్డకట్టే పరీక్షలు: ఫలితాలు నమ్మదగినవి కావు.

పై జాబితాలోని ఫాస్ఫేట్‌కు ఒక తెలుగువానితో సంబంధమున్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తం, మూత్రాలలో భాస్వరాన్ని కొలిచే రంగు పద్ధతిని రూపొందించి 1925లో ప్రచురించాడు. ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతిగా ఇది ప్రపంచమంతటా పాఠ్యగ్రంథాలలో చేరింది. ఎర్ర కణాలలో భాస్వరం సేంద్రియ సమ్మేళనాలుగా దాగి ఉంటుంది. కణం చిట్లిన తరువాత నమూనా నిల్వ ఉన్నకొద్దీ, ఎంజైముల వలన అందులో కొంత ఫాస్ఫేట్‌గా విడివడి ఫలితాన్ని పెంచుతుంది.

గుర్తించే విధానం

ఆరోగ్యవంతుని సీరం లేత పసుపు రంగులో ఉంటుంది. విడి హీమోగ్లోబిన్ డెసిలీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు దాటితే సీరానికి గులాబీ ఛాయ వస్తుంది. ఇంకా పెరిగితే చెర్రీ పండు ఎరుపుకు మారుతుంది. అయితే కంటి చూపుపై మాత్రమే ఆధారపడడం మంచిది కాదు. కామెర్ల రోగి సీరంలోని గాఢమైన పసుపు, కొవ్వు అధికంగా ఉన్న సీరంలోని పాలవంటి తెలుపు, ఎరుపును కప్పివేయగలవు.

అందుచేత ఆధునిక యంత్రాలు సీరం గుండా వేర్వేరు తరంగదైర్ఘ్యాల కాంతిని పంపి, హీమోలైసిస్ సూచిక అనే సంఖ్యను లెక్కగడతాయి. హీమోగ్లోబిన్ 415 నానోమీటర్ల వద్ద అత్యధికంగాను, 540, 577 ప్రాంతాలలో కొంతమేరకును కాంతిని గ్రహిస్తుంది. సూచిక ఒక హద్దు దాటితే ఆయా పరీక్షల ఫలితాలను నిలిపివేస్తారు. రక్తాన్ని వేరు చేయకుండానే కొలిచే బ్లడ్ గ్యాస్ యంత్రాలలో సీరం రంగు కనిపించదు కనుక, అక్కడ విచ్ఛేదనం జరిగినా తెలియకపోయే ప్రమాదమున్నది.

చిట్లిన కణాల మేరకు పొటాషియం విలువను తగ్గించి చెప్పే సూత్రాలు కొన్ని ఉన్నాయి. రోగి రోగికీ, నమూనా నమూనాకూ తేడా ఉంటుంది కనుక వాటిని నమ్మి చికిత్స చేయడం సరికాదు. మరల రక్తం తీయడమే సరైన మార్గం.

ఎరుపు కనిపించని పొరపాట్లు

పొటాషియం తప్పుగా పెరిగిన ప్రతి నమూనా ఎర్రగా ఉండదు. వేరు చేయని రక్తాన్ని ఫ్రిజ్‌లో గాని, మంచు మీద గాని ఉంచితే చలికి కణపొరలోని పంపు ఆగిపోతుంది. కణం చిట్లకుండానే పొటాషియం బయటకు కారుతుంది. సీరం చూడడానికి స్వచ్ఛంగానే ఉంటుంది. దూరపు ఆరోగ్య కేంద్రం నుండి నమూనాను "చెడిపోకుండా" మంచు పెట్టెలో పంపడం ఈ పరీక్ష విషయంలో మేలుకు బదులు కీడు చేస్తుంది. పంపవలసినది వేరు చేసిన సీరం.

రక్తం తీసేటప్పుడు పిడికిలిని పదే పదే బిగించి వదలడం వలన కూడా పొటాషియం పెరుగుతుంది. ఊదారంగు మూత గల నాళికలోని ఈడీటీఏ పొటాషియం లవణం. అది పొరపాటున మరొక నాళికలో కలిస్తే పొటాషియం పెరిగి, కాల్షియం బాగా పడిపోయినట్లు కనిపిస్తుంది. ఈ రెండూ ఒకేసారి కనిపిస్తే కలుషితమైనదని అనుమానించవలెను.

శరీరంలో జరిగే విచ్ఛేదనం

ఎర్రబడిన నమూనాలలో అధిక భాగం నాళికలో చెడినవే. శరీరంలోని విచ్ఛేదనం వలన ఎర్రబడేవి బహు కొద్ది. కాని ఆ కొద్దిలోనే ప్రాణాపాయ స్థితులు ఉంటాయి కనుక ప్రతి ఎర్ర సీరాన్నీ "మళ్ళీ తీయండి" అని పారవేయడం తగదు.

సికిల్ సెల్ వ్యాధి: హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరవ స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లానికి బదులు వాలీన్ ఉండడం దీనికి మూలం. ఆక్సిజన్ తగ్గినప్పుడు కణం కొడవలి ఆకారానికి మారి త్వరగా నశిస్తుంది. భారతదేశంలో ఈ లక్షణాన్ని మొదటిసారి 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తించారు. ఉత్తరాంధ్ర గిరిజనులలోనూ ఇది ఉన్నది. ఈ వ్యాధిలో కణాలు ఎక్కువగా ప్లీహం, కాలేయాలలో నశిస్తాయి కనుక సీరం ఎర్రగా కాక, తరచు పసుపుగా ఉంటుంది. 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలనే లక్ష్యంతో జాతీయ కార్యక్రమం 2023 జూలై 1న ప్రారంభమైనది.

జీ6పీడీ లోపం: ఇది ఎక్స్ క్రోమోజోము ద్వారా సంక్రమించే ఎంజైము లోపం. అందుచేత పురుషులలో ఎక్కువ. వైవాక్స్ మలేరియాను కాలేయం నుండి తొలగించడానికి ఇచ్చే ప్రైమాక్విన్ మందు ఈ లోపం ఉన్నవారి ఎర్ర కణాలను పగులగొడుతుంది. మందు మొదలుపెట్టిన తరువాత మూత్రం కాఫీ డికాషన్ రంగుకు మారితే మందు ఆపి, వెంటనే వైద్యుని సంప్రదించవలెను. ఫాల్సిపరం మలేరియా తీవ్రమైనప్పుడు కూడా ఇటువంటి స్థితి రావచ్చు.

రక్తపింజరి కాటు: ఈ పాము విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది. కొందరిలో ఎర్ర కణాలను కూడా చిట్లిస్తుంది. ఈ పాము ఆంగ్ల నామంలో నిలిచిన ప్యాట్రిక్ రస్సెల్, 18వ శతాబ్దం చివరలో విశాఖపట్నంలో ఉండి కోరమండల్ తీరపు పాములను పరిశీలించిన వైద్యుడు. ఆయన గ్రంథం 1796లో వెలువడింది.

సరిపడని రక్తం ఎక్కించడం, డయాలసిస్ నీటిలో క్లోరమిన్ మిగిలిపోవడం లేదా డయాలసిస్ ద్రవం మరీ వేడెక్కడం కూడా శరీరంలో విచ్ఛేదనానికి కారణాలు.

ఈ రెండింటినీ వేరు చేసే గుర్తులు ఇవి. జాగ్రత్తగా మరల తీసిన నమూనా కూడా ఎర్రగా ఉంటే శరీరంలోని విచ్ఛేదనాన్ని అనుమానించవలెను. అటువంటి రోగిలో హాప్టోగ్లోబిన్ తగ్గుతుంది, పరోక్ష బిలిరుబిన్ పెరుగుతుంది, కొద్ది రోజులలో రెటిక్యులోసైట్లు అనే లేత ఎర్ర కణాలు అధికమవుతాయి. మూత్రంలో రక్తం ఉన్నట్లు పరీక్ష పట్టీ చూపినా, సూక్ష్మదర్శినిలో ఎర్ర కణాలు కనిపించకపోవచ్చు. నాళికలో చెడిన నమూనాకు ఈ లక్షణాలేవీ ఉండవు.

ఎర్ర కణాల ఆయుష్షు తగ్గినవారిలో మధుమేహ పరీక్ష అయిన హెచ్‌బీఏ1సీ ఉన్నదాని కంటె తక్కువగా వస్తుంది. కనుక సికిల్ సెల్ వ్యాధి గలవారికి ఆ పరీక్షను నమ్ముకొనరాదు.

ఉద్దానంలో పొటాషియం పరీక్ష

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలతో కూడిన తీర ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ఇది ప్రసిద్ధి. కారణం తేలని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఇక్కడ దశాబ్దాలుగా ఉన్నది. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, పరీక్షించిన రెండు వేల మందికి పైగా పెద్దలలో సుమారు 18 శాతం మందికి ఈ వ్యాధి కనిపించింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి.

మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు పొటాషియం బయటకు పోక రక్తంలో పేరుకుంటుంది. అది 6.5 దాటితే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చును. 100 మిల్లీలీటర్ల కొబ్బరి నీటిలో సుమారు 250 మిల్లీగ్రాముల వరకు పొటాషియం ఉంటుంది కనుక, తోట నిండా కొబ్బరి ఉన్నా పొటాషియం పెరిగిన రోగులు ఆ నీటిని మానవలసి వస్తున్నది. ఇటువంటి రోగికి పొటాషియం ఫలితం కేవలం ఒక అంకె కాదు. ఆహారం, మందులు, డయాలసిస్ సమయం, అన్నీ దాని మీద ఆధారపడి ఉంటాయి.

హీమోలైసిస్ ఇక్కడ మూడు విధాలుగా దారి తప్పించగలదు.

* నిజానికి 4.8 ఉన్న పొటాషియం 6.4గా కనిపించవచ్చు. అవసరం లేకుండా అత్యవసర చికిత్స జరగవచ్చు. పొటాషియం తగ్గించడానికి ఇచ్చే ఇన్సులిన్, గ్లూకోజుల వలన చక్కెర, పొటాషియం రెండూ ప్రమాదకరంగా పడిపోవచ్చు.
* విరేచనాలతో 2.8కి పడిపోయిన పొటాషియం 3.6గా, అనగా సరిగా ఉన్నట్లు కనిపించవచ్చు. ఇది అందరి కంటా తప్పించుకునే పొరపాటు.
* నిజంగానే 7.0 ఉన్న రోగి ఫలితాన్ని "శాంపిల్ చెడింది" అని పక్కన పెట్టవచ్చు. మూత్రపిండ రోగి విషయంలో అన్నింటి కంటె ప్రమాదకరమైనది ఇదే.

అందువలన మూత్రపిండ రోగి నమూనా ఎర్రబడినప్పుడు, మరల రక్తం తీసే లోపల ఈసీజీ తీయడం మంచి పద్ధతి. పొటాషియం మిక్కిలి పెరిగినప్పుడు టి-తరంగాలు మొనదేలి ఎత్తుగా కనిపించవచ్చు. అయితే ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదని తీర్మానించరాదు. ఇచ్ఛాపురం నుండి జిల్లా కేంద్రమైన శ్రీకాకుళానికి నూరు కిలోమీటర్లకు పైగా దూరం. చెడిన ఒక నమూనా వలన డయాలసిస్ రోగికి ఒక రోజు ప్రయాణం, తోడు వచ్చినవారికి ఒక రోజు కూలి పోతాయి.

కావాలని చేసే విచ్ఛేదనం

కొన్ని పరీక్షలలో ఎర్ర కణాలను ఉద్దేశపూర్వకంగానే పగులగొడతారు.

* మలేరియా మందపాటి పూత: గాజు పలకపై ఆరిన రక్తపు చుక్కను స్థిరీకరించకుండా నీటి ఆధారిత రంగులో ఉంచుతారు. కణాలు పగిలి హీమోగ్లోబిన్ కడుక్కుపోయి, పరాన్నజీవులు స్పష్టంగా కనిపిస్తాయి.
* సికిల్ సాల్యుబిలిటీ పరీక్ష: సపోనిన్‌తో కణాలను చిట్లించి, డైథయొనైట్‌తో ఆక్సిజన్ తొలగిస్తారు. సికిల్ హీమోగ్లోబిన్ కరగక ద్రావణం మబ్బుగా మారి, నాళిక వెనుక పెట్టిన గీతలు కనిపించవు.
* నెస్ట్రాఫ్ట్: రక్తాన్ని 0.36 శాతం ఉప్పు ద్రావణంలో కలుపుతారు. మామూలు కణాలు పగిలి ద్రావణం తేటగా మారుతుంది. తలసీమియా వాహకుల కణాలు పగలక ద్రావణం మబ్బుగానే ఉంటుంది.
* హీమోగ్లోబిన్ కొలత: డ్రాబ్‌కిన్ ద్రావణం కణాలను చిట్లించి హీమోగ్లోబిన్‌ను కొలవదగిన రంగు సమ్మేళనంగా మారుస్తుంది.

నివారణ

* తగిన సైజు సూదితో, మోచేతి మడతలోని మంచి సిర నుండి నేరుగా రక్తం తీయడం.
* స్పిరిట్ పూర్తిగా ఆరనివ్వడం, రబ్బరు పట్టీని నిమిషం లోపు వదలడం.
* సిరంజి వాడితే సూది తీసివేసి, రక్తాన్ని నాళిక గోడ వెంబడి నెమ్మదిగా జారనివ్వడం.
* నాళికను గుర్తు ఉన్న మేరకు నింపి, కుదపకుండా ఐదారుసార్లు నెమ్మదిగా తలక్రిందులు చేయడం.
* రక్తం గడ్డకట్టడానికి సుమారు అరగంట నిలువుగా ఉంచి, సాధ్యమైనంత త్వరగా, రెండు గంటలు మించకుండా సీరం వేరు చేయడం.
* నమూనాను నీడలో, కుదుపులు లేకుండా రవాణా చేయడం.

నమూనాలలో హీమోలైసిస్ రెండు శాతానికి మించకుండా చూడడం మంచి ప్రయోగశాలకు గుర్తుగా భావిస్తారు.

రోగులు గమనించవలసినవి

రక్తం ఇచ్చేటప్పుడు పిడికిలిని పదే పదే బిగించనవసరం లేదు. నివేదికలో హీమోలైసిస్ అని వ్రాసి ఉంటే భయపడవలసిన పని లేదు గాని, ఆ మాటను విస్మరించరాదు. నివేదికను ఆ గమనికతో సహా వైద్యునికి చూపి, మరల పరీక్ష అవసరమా అని అడగవలెను. అనుకోకుండా పొటాషియం ఎక్కువ వచ్చినప్పుడు నమూనా ఎలా ఉన్నదో విచారించడం రోగి హక్కు. మరల రక్తం ఇవ్వమని కోరినప్పుడు విసుగు చెందక ఇవ్వడం మేలు. తప్పుడు ఫలితం ఇవ్వడం కంటె ఫలితం ఇవ్వకుండా మరల నమూనా అడిగే ప్రయోగశాలయే నమ్మదగినది.

ఇవి కూడా చూడండి

* ఎర్ర రక్తకణం
* పొటాషియం
* సికిల్ సెల్ వ్యాధి
* ఉద్దానం
* యల్లాప్రగడ సుబ్బారావు